సమస్య: తన్నువానిఁ జూచి దండమిడిరి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారమండి. ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చిందే, మిగతా మూడూ మీవి. భృగు మహర్షికీ సత్యభామ గారికీ ఈసారి సెలవు ఇచ్చేశాను, తన్ను అన్న మాట కనపడగానే అందరూ వాళ్ళింటి ముందే క్యూ కడతారు కాబట్టి. ఫుట్‌బాల్ గురించో, ప్రయాణం గురించో, లేదా మన గోదావరి జిల్లాల్లో తన్నేది ఏదైనా సరే దాని గురించో రాయండి.

ఇది ఎక్కడ పుట్టిందో చెప్తాను. 2022 క్రిస్మస్ సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ కారేసుకుని అమలాపురం నుంచి హైదరాబాద్ వెళ్ళాం, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి, అప్పటికి హైదరాబాద్ ఎఫ్‌సీ ఛాంపియన్లు, మా పెద్దోడికి ఆ పసుపు చొక్కా పిచ్చి పట్టి ఆర్నెల్లైంది. తెల్లారి నాలుక్కి బయల్దేరితే కాలవ గట్టు మీద మంచు ఎంత పట్టేసిందంటే ఎదురొచ్చే కొబ్బరికాయల లారీ లైట్లు కూడా దగ్గరికొచ్చేదాకా కనపళ్ళేదు. రావులపాలెం, సిద్ధాంతం బ్రిడ్జి, తణుకు, ఏలూరు దాకా బానే ఉంది, బెజవాడ దాటేక చిన్నోడు మొదలెట్టాడు, వాడికి కారు పడదు, మా ఆవిడ ఒళ్ళో నిమ్మకాయి పెట్టుకుని కూచుంది. నకిరేకల్ దాటేక టైరు పంచరు. రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఖాళీ అయిపోయింది, అవి గచ్చిబౌలిలో మా తోడల్లుడు గారింటికని కొన్నవి.

నాన్నగారికి ఫుట్‌బాల్ తెలీదు. దార్లో మావాడు రూల్స్ చెప్తుంటే అంతా విని, "చేత్తో ముట్టుకోకూడదు అంటే మడన్నమాట, మరి ఆ గోల్ దగ్గరోడు ఒక్కడికే మడి లేదా" అన్నారు. లోపలికెళ్ళాక జనమంతా లేచి తన్నేవాళ్ళకి చేతులెత్తి దండాలు పెడుతుంటే "తన్నేవాడికి దండాలేంట్రా" అన్నారు. అదిగో, అదే సమస్య. కానియ్యండి మరి.

పులస:
మొదటి బోణీ నాదే అండి. భీమవరం వాణ్ణి, ఇంకేం రాస్తాను.

భోగినాఁడు బరినిఁ బుంజులు దిగఁగానె
పందెమేసినోళ్ళు పరుగులెత్తి
రెండుకాళ్ళతోడ రెక్కలు విదలించి
తన్నువానిఁ జూచి దండమిడిరి

పంతులమ్మ:
గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పోలిక) అన్నీ కుదిరాయి పులస గారూ, మొదటి పాదంలో భో-బు మైత్రి కూడా చక్కగా పడింది. కానీ రెండు పేచీలు. ఒకటి, కింద "చూచి", "ఇడిరి" అని గ్రాంథికం పెట్టుకుని పైన "పందెమేసినోళ్ళు" అంటే పట్టు పంచె మీద టీషర్టు వేసినట్టుంది. రెండోది పెద్దది, కోడి అమహద్వాచకం, అంటే మగవాళ్ళకి కాక మిగతావాటికి వాడే మాట, దాన్ని "వాని" అనకూడదు, "దాని" అనాలి. అప్పుడు సమస్యే మారిపోతుంది.

పులస:
టీషర్టు ఒప్పుకుంటానండి, రెండోది మాత్రం ఒప్పుకోను. మీరు ఒక్కసారి సంక్రాంతికి మావైపొచ్చి బరి దగ్గర నిలబడండి. డేగ పుంజుని పట్టుకుని "ఈడు మామూలోడు కాదండీ బాబూ" అనేవాళ్ళే గానీ "ఇది" అనేవాడు ఒక్కడు దొరికితే నా పద్యం వెనక్కి తీసుకుంటాను. బాదంపప్పు పెట్టి పెంచిన పుంజుని అది అంటే యజమాని మనసు కష్టపెట్టుకుంటాడు.

గోదారిగట్టు:
వ్యాకరణానికి పంతులమ్మ గారు, బరికి పులస గారు. నేను మధ్యలో దూరను, కత్తి తగుల్తుంది.

రావులపాలెం అరటిగెల:
నాకు ఛందస్సు ఈమధ్యే వచ్చింది, తప్పులుంటే తిట్టకండి, ఆయ్. "ఫుట్‌బాల్" అన్న మాట పెడదామని రాత్రంతా కూచున్నాను, ఎటు తిప్పినా గణం కుదరక చివరికి దాన్ని వదిలేసి బంతి అనే రాశాను.

బంతి గోలులోనఁ బడఁగానె జనమెల్ల
లేచి యీలలేసి కేకలేసి
పక్కవాని కాలు తొక్కినఁ బట్టక
తన్నువానిఁ జూచి దండమిడిరి

పంతులమ్మ:
తిట్టడం ఎందుకు బాబూ, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నిజంగా స్టేడియంలో కూచుని రాసినట్టు ఉన్నది ఇదే. మూడో పాదం మరీ బావుంది, పక్కవాడి కాలు తొక్కినా పట్టనంత సంబరం, పైగా అక్కడ ప-తొ కి అక్షరయతి లేకపోయినా పక్క-తొక్కి అని రెండో అక్షరాలు కలిపి ప్రాసయతి వేశావు, తెలిసి వేశావో తెలీక వేశావో గానీ కుదిరింది. రెండో పాదంలో మాత్రం యతి పోయింది. లే కి, నాలుగో గణం మొదట్లో ఉన్న కే కి మైత్రి లేదు, ప్రాసయతీ లేదు. కాస్త అటూఇటూ జరిపితే చాలు:

కేకలేసి లేచి గెంతులేసి

ఇప్పుడు కే-గె సరిపోయింది, ఈల పోయిందే అని బాధపడకు, స్టేడియంలో గెంతు ఈలకంటే ఎక్కువ వినపడుతుంది.

ఇక ఫుట్‌బాల్ సంగతి. ఉన్నదున్నట్టు పెడితే రెండు గురువులు, ఆటవెలదిలో వాడే సూర్యగణాల్లోనూ లేదు, ఇంద్రగణాల్లోనూ లేదు. చివర ఉకారం చేర్చి "ఫుట్‌బాలు" అను, తగణం అయిపోతుంది, ఇంద్రగణం కాబట్టి ఆటవెలదిలో ఒకటీ మూడూ పాదాల చివర హాయిగా కూచుంటుంది. "గచ్చిబౌలి" అయితే ఇంకా నయం, రెండు హగణాలు, అంటే రెండు సూర్యగణాలు, ఛందస్సు తెలిసినవాడే పెట్టినట్టుంది ఆ పేరు.

రావులపాలెం అరటిగెల:
తెలీకే వేశానండి ప్రాసయతి. కానీ ఇకనుంచి తెలిసే వేశానని చెప్పుకుంటా. గెంతులేసి మార్చేసుకున్నాను.

పూతరేకు:
గట్టు గారూ, మీ తోడల్లుడు గారికి అందని ఆ డబ్బా గురించి రాద్దామనుకున్నాను, నా పేరు మీద నేనే రాసుకుంటే బావోదని మీ చిన్నోడి మీద రాశాను. కారులో పిల్లలతో వెళ్ళినవాళ్ళకి అర్థమవుతుంది.

వెనుకసీటులోనఁ బిల్లోఁడు కూర్చుండి
సూర్యపేటదాక జోరుగాను
నాన్న వీపుమీద నాట్యమ్ము సలుపంగఁ
దన్నువానిఁ జూచి దండమిడిరి

గోదారిగట్టు:
హహ్హ, మావాడు వాంతులు తగ్గగానే చేసింది సరిగ్గా అదే, నా సీటు వెనకాల రెండు కాళ్ళూ పెట్టి ఒకటే తన్నుడు, మా ఆవిడ "నీకు దణ్ణం పెడతాన్రా బాబూ ఆపు" అంది, మీరు కారులో లేరు కదా అసలు ఎలా తెలిసింది! సమస్యలో దండం అంటే భక్తి అనుకున్నాం అందరం, మీరు దాన్ని విసుగు చేశారు. నాకిది బాగా నచ్చింది.

పంతులమ్మ:
నాట్యమ్ము సలపడం ఒక్కటే పద్యానికి సరిపోయి కారుకి సరిపోలేదు. మిగతాది బావుంది.

పాతబస్తీ అల్లుడు:
పద్యం రాదు నాకు, మాది రాజోలు, అత్తారిది హైదరాబాద్, అందుకని ఒక మాట. మీరందరూ తన్నేవాడికే దండం పెడుతున్నారు, ఆ జట్టు ఛాంపియన్ అయింది ఆపేవాడి వల్ల. 2022 మార్చి 20న గోవాలో ఫటోర్డా స్టేడియంలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీలకి వెళ్తే మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు వచ్చింది. గట్టు గారి నాన్నగారు అన్న ఆ మడిలేనివాడే మరి. ఇంకా పాత సంగతైతే మా మావగారు ఎప్పుడూ రహీం సాబ్ పేరే చెప్తారు, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి బంగారం తెచ్చిన జట్టు కోచ్, హైదరాబాద్ ఆయనే. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసు జట్టుదే. ఇప్పుడు చూస్తే ఆ ఐఎస్ఎల్ జట్టు కూడా ఢిల్లీ వెళ్ళిపోయింది, మీరు అప్పుడే వెళ్ళొచ్చారు, మంచి పని చేశారు.

పంతులమ్మ:
పద్యం రాదంటూనే సమస్య ఇచ్చారు మీరు. ఇదిగోండి, ఇది మీ కీపరుకి:

ఆపువానిఁ జూచి యంజలిడిరి

ఆ-యం యతి సరిపోయింది. వచ్చే వారానికి దాచుకోండి.

కొబ్బరాకు:
ఆలస్యంగా వచ్చాను, కొబ్బరి దింపు తీయించే పనిలో ఉండి. గట్టు గారూ, మీరు నిన్న ఫోన్‌లో చెప్పి ఇక్కడ రాయని సంగతి నేను రాసేస్తున్నాను, ఏమీ అనుకోకండి. హైదరాబాద్‌లో మీరు మ్యాచ్ చూసిన ఆ గ్రౌండ్ పేరే జీఎంసీ బాలయోగి స్టేడియం. మనవాడు, ఎదుర్లంకలో పుట్టి, అమలాపురం ఎంపీ అయ్యి, 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యి, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. మనం రోజూ యానాం వెళ్ళే వారధిదీ ఆయన పేరే. నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళి, టికెట్టు పట్టుకుని గేటు దగ్గర నిలబడి తలెత్తితే ఊళ్ళో మనిషి పేరు కనపడితే పెద్దాయనకి ఎలా ఉంటుందో అని రాశాను.

కోనసీమబిడ్డ గోడపైఁ బేరుండ
బాలయోగి యనుచుఁ బైకిఁ జూచి
తాత మొక్కె నచటఁ, దక్కినవారేమొ
తన్నువానిఁ జూచి దండమిడిరి

పంతులమ్మ:
ఇంతసేపూ అందరం సమస్యలో ఉన్న దండాన్ని ఎవరికి అంటగట్టాలా అని వెతికాం, మీరు దండాన్ని రెండు చేశారు. తాతదొకటి, జనానిదొకటి. "తక్కినవారేమొ" దగ్గర విరుపు చూడండి, అక్కడ తిరిగింది పద్యం. కొద్దిగా అన్వయం అంటే, మొదటి పాదంలో "బిడ్డ పేరు గోడపై ఉండ" అని కలిపి చదువుకోవాలి, పరవాలేదు. బాలయోగి అన్న మాట రెండు సూర్యగణాలు కావడం కూడా మీ అదృష్టమే. నా ఓటు దీనికే.

పులస:
పుంజు ఓడింది. నాదీ దీనికే.

గోదారిగట్టు:
కొబ్బరాకు గారూ, ఏమీ అనుకోను గానీ, నాన్నగారికి చదివి వినిపించాను ఇప్పుడే. మొత్తం విని, "మూడో పాదంలో తాత నేనేనా" అన్నారు. అవునన్నాను. "నేనేం మొక్కలేదే, కళ్ళజోడు సరిచేసుకున్నాను అంతే" అన్నారు. మా ఆవిడ వెనకనుంచి నవ్వుతోంది.

పంతులమ్మ:
అలా అయితే "మొక్కె" తీసేసి "నిలిచె" పెట్టుకోవచ్చు, "తాత నిలిచె నచట", నగణం, అదీ సూర్యగణమే కాబట్టి ఛందస్సుకేం ఇబ్బంది లేదు. ఏది ఉంచాలో ఆయన్నే అడగండి.

గోదారిగట్టు:
అడిగేనండి. రెండూ రెండేసి సార్లు చదివించుకున్నారు. కాసేపు ఏం మాట్లాడలేదు. మొక్కె అనే ఉంచమన్నారు.