తీరపు చిత్తడి నేలల్లో పిట్టల్ని చూడాలంటే ఏ వేళకు వెళ్లాలి?

ప్రశ్న:
తీరంలోని ఒక చిత్తడి నేలల అభయారణ్యానికి ఒక రోజు పెట్టుకున్నాం. లోపల రెండు బాటలున్నాయి: ఒకటి బురద మైదానం అంచున గట్టు మీద, రెండోది మడ అడవిలో చెక్కబాట. గేటు ఉదయం 6కి తీస్తారు. పొద్దున్నే వెళ్తే చాలా? ముందు ఏ బాట? 8×42 బైనాక్యులర్ ఉంది, సరిపోతుందా?

ఉల్లంకి:
‘పొద్దున్నే’ అన్నది అడవికి సరిపోయే మాట. ఇక్కడ గడియారం కన్నా పోటు చూసుకోవాలండి. పోటంటే సముద్రపు నీరు ఎక్కడం, ఆటంటే దిగడం. ఆటు వేళ ఉల్లంకులు (బురదలో మేసే తీరపు పిట్టలు) ఎక్కడో నీటి అంచున మేస్తూ చుక్కల్లా కనిపిస్తాయి. పోటు ఎక్కేకొద్దీ బురద మునిగి, అవే గట్టు దగ్గరికి జరుగుతాయి. నిండు పోటుకు రెండు గంటల ముందే వెళ్లి, ఎండ వీపున పడే చోట నిలబడండి. ఎదురెండలో ఏ పిట్టైనా నల్లగానే కనిపిస్తుంది.

చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి సమయం పట్టుకుని వెళ్లొద్దు.

8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) బాగా చాలు. 10 రెట్లది చేతిలో ఎక్కువ వణుకుతుంది. ఎండెక్కాక బురద మీద గాలి తరంగాలు లేస్తాయి, అప్పుడు ఎంత ఖరీదైన అద్దమైనా మసకే.

గట్టుమనిషి:
పై మాటకు చిన్న సవరణ. పోటు పట్టిక ఓడరేవుకు వేసింది. కాలువ లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది, సముద్రం మీంచి గట్టి గాలి వీస్తే నీరు ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు మరీ పెద్దది. బురదంతా మునిగిపోతే పిట్టలు వేరే మెరకకు లేచిపోతాయి.

ఒడ్డున గుంపుగా ఒంటికాలిపై నిలబడ్డ పిట్టల దగ్గరికి వెళ్లొద్దు. అది వాటి విశ్రాంతి వేళ. 2022లో గాడ్‌విట్ అనే వలస పిట్ట ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకు ఎక్కడా వాలకుండా 13,560 కి.మీ. ఎగిరింది. అలాంటి ప్రయాణం నడిచేది ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే. మనం లేపిన ప్రతిసారీ అది వృథాగా ఖర్చవుతుంది. తలలెత్తి చూస్తున్నాయంటే అప్పటికే దగ్గరికి వెళ్లిపోయినట్టు.

ఫొటో కోసం బురదలోకి దిగడం అసలు వద్దు. నీరు ముందు మన వెనకున్న పాయల్లో నిండుతుంది, చూసేసరికి దారి ఉండదు. కాలు దిగబడితే నిటారుగా లాగొద్దు, రెండో కాలు ఇంకా లోతుకు పోతుంది. వెనక్కి వాలి కూర్చుని బరువు పరచండి, కాలిని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే పట్టు వదులుతుంది.

మడపీత:
చెక్కబాట ఆటు వేళకే. పోటులో వెళ్తే చెట్లూ నీళ్లూ తప్ప ఏమీ కనిపించవు. చాలామంది అక్కడ నడుస్తూనే ఉంటారు, అదే తప్పు. అడుగుల అదురుకు పీతలు బొరియల్లో దూరతాయి. ఒక చోట ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండి, దాన్ని పిలుస్తున్నట్టు ఊపేది ఫిడ్లర్ పీతల్లో మగది. బురద మీద గెంతే చేపలు మడ్‌స్కిప్పర్లు, ఊపిరి వేర్ల (బురదలోంచి పైకి పొడుచుకొచ్చే మడ చెట్ల వేర్లు) మధ్య చూడండి. సాయంత్రమైతే దోమలు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
మేం వెళ్లే రోజు పట్టికలో నిండు పోటు 10:40 అని ఉంది.

ఉల్లంకి:
అయితే 8:30కల్లా గట్టు మీదికి, 11:30 దాకా అక్కడే. గట్టు మీద నీడ ఉండదు, టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. ఆటు దాదాపు 4:50కి, కాబట్టి చెక్కబాటకు 3:30కి వెళ్లండి. గేటు మూసే వేళ మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.