సోలాపూర్ పోయి ఆచూకీ లేకుండా పోయిన చిన్నతాతను ఎట్లా వెతకాలె?

పరకాలపోరడు: మాది పరకాల దగ్గర పల్లె, పద్మశాలీలం. మా తాత తమ్ముడు 1968 ప్రాంతంలో మగ్గం పనికి సోలాపూర్ పోయిండు. 1980 తర్వాత ఉత్తరాల్లేవు. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు తప్ప ఏం తెల్వదు. ఇప్పుడు తాత పేరుమీది భూమి విరాసత్ (వారసుల పేరుకు మార్పు) చేయాలంటే ఆయన సంగతి తేల్చుకొని రమ్మంటున్నరు. ఎక్కడ మొదలుపెట్టాలె?

ఖాస్రాపహాణీ: సోలాపూర్ బండెక్కకు ముందు ఊళ్ళోనే పని ఉంది తమ్మీ. ఆయన్ను చిన్నప్పుడు దత్తత ఇచ్చిన్రా, పెళ్ళయినంక ఇల్లరికం పోయిండా? ముందు ఇది అడుగు. దత్తత పోతే ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ మారుతయి, వెతుకులాటంతా తప్పుడు పేరు మీద నడుస్తది.

తర్వాత బడిలో ప్రవేశ రిజిస్టర్ చూడు. పుట్టిన తేదీ అందాజగా వేసిందే అయినా తండ్రి పేరు నికరంగా ఉంటది. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబర్ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు) నకలు తీయి. ముత్తాత అప్పటికే పోయి ఉంటే కొడుకుల పేర్లు అందులో కనబడొచ్చు. అంతకు ముందువి ఫస్లీ లెక్కలో (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల్లో) ఉంటయి, 590 కలిపితే మన సంవత్సరం: 1364 ఫస్లీ అంటే 1954-55. ఆ పాత కాగితాలు ఉర్దూలో ఉంటయి. ఉర్దూలో హ్రస్వాచ్చులు రాయరు కాబట్టి ఒకే పేరును ఇద్దరు రెండు తీర్ల చదువుతరు. చదివించినాయన చెప్పిందే ఖాయం చేసుకోకు, సర్వే నంబర్‌తో సరిచూడు. నిజాం కాలంలో పరకాల తాలూకా కరీంనగర్ జిల్లాది, అప్పటి కాగితాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగేటప్పుడు ఆ జిల్లా పేరే చెప్పాలె.

మగ్గంగుంత: సోలాపూర్‌లో మనోళ్ళు ఎక్కువగా పూర్వభాగ్‌లో, అంటే ఊరి తూర్పు దిక్కున, ఉంటరు. అక్కడి ఓటరు జాబితాల్లో వెతుకుడే అసలు పని. సోలాపూర్ సిటీ ఉత్తర, మధ్య నియోజకవర్గాలతో మొదలుపెట్టు. ఫైళ్ళు బొమ్మల్లెక్క ఉంటయి, పేరు కొట్టి వెతికితే దొరకవు, భాగం తర్వాత భాగం కంటితోనే చదవాలె. మరాఠీలో ఎ, ఏలకూ ఒ, ఓలకూ తేడా లేదు, చివరి ఉకారం కూడా తరచుగా ఎగిరిపోతది. ఆడెపు అన్నది ఆడెప్, అడేపు, ఏదైనా కావచ్చు. అందుకే ఇంటిపేరు కన్నా తండ్రి పేరు మీద కన్నేసి ఉంచు. ఆయన పేరు లేకపోయినా ఆయన్ను తండ్రిగా రాయించిన కొడుకు దొరకొచ్చు, భర్తగా రాయించిన భార్య దొరకొచ్చు.

ఇంకో దారి, చాలామంది పట్టించుకోనిది: కూనపులి వాళ్ళు. మార్కండేయ పురాణం బొమ్మల పటం మీద చెప్పి మన కులం దగ్గర త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చేది) తీసుకుంటరు. ఊళ్ళను మిరాశిగా (వంశపారంపర్య హక్కుగా) పంచుకున్నోళ్ళు, ఏ ఇల్లు ఎటు వలసపోయిందో వాళ్ళకు ఎరుక ఉండొచ్చు. మీ ఊరు ఎవరి మిరాశిలో ఉందో పెద్దలను అడుగు. పోయేటప్పుడు గోత్రం కూడా తెలుసుకొని పో, ఒకే ఇంటిపేరు రెండు మూడు గోత్రాల్లో ఉంటది.

పరకాలపోరడు: ఆధార్‌లో వెతికిస్తే దొరకదా అన్నా?

మగ్గంగుంత: దొరకదు. హైకోర్టు జడ్జి ఆర్డర్ లేనిదే వాళ్ళు ఎవరి వివరం ఇయ్యరు. నేను తీసిస్త అని పైసలు అడిగేటోడు మోసగాడే. దానికన్నా నగరపాలికలో మరణాల రిజిస్టర్ వెతికించు. జనన మరణాల చట్టం సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి వెతికించి నకలు తీసుకోవచ్చు, మరణ కారణం ఒక్కటి మాత్రం ఇయ్యరు. ఐదేసి సంవత్సరాల ముక్కలుగా అడిగితే వెతికేటోళ్ళకు సులువు.

దివాణం: భూమి ముచ్చట వేరు. తాత సొంతంగా కొన్నదైతే, తాత పిల్లలుండగా తమ్ముడికి అందులో వాటానే రాదు. ముత్తాత నుంచి వచ్చిందైతేనే ఆయన లెక్క తేలాలె. ఖాస్రా పహాణీ దానికి కూడా పనికొస్తది.

ఏడేండ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించే నియమం ఉంది. పాత సాక్ష్య చట్టం 108, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 111. ఏడేండ్లు నిండంగనే కాగితం దానంతటదే రాదు, సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాలె. కోర్టు మరణాన్ని భావిస్తది గానీ ఫలానా తేదీన పోయిండని భావించదు, తేదీ కావాలంటే రుజువు నువ్వే చూపాలె. పోలీస్ ఫిర్యాదు నకలు, సోలాపూర్ మరాఠీ పేపర్లో వేసిన ప్రకటన, జాబితాల్లో వెతికిన ఆధారాలు అన్నీ దాచిపెట్టు, గట్టిగా వెతికినవని అక్కడ చూపాల్సి వస్తది.

ఆయనకు సంతానం లేదని ఉత్తగ అఫిడవిట్ మాత్రం ఇయ్యొద్దు. రేపు సోలాపూర్ నుంచి మనుమడు వచ్చి వాటా అడిగితే విరాసత్ రద్దు కావచ్చు, తప్పుడు ప్రమాణం కేసు అదనం.