చారిటీ రన్‌కి ప్రాక్టీసు: ఉత్తకాళ్లతో పరిగెత్తితే మేలేనా?

అరుణ, అనంతపురం:
సంక్రాంతి అయినాక మా దగ్గర పేదపిల్లల వైద్యం కోసం 10 కిలోమీటర్ల చారిటీ రన్ ఉంది. కిలోమీటరుకు ఇంత ఇస్తామని మా ఆఫీసువాళ్లు, చుట్టాలు మాటిచ్చారు. ఇప్పటికి ఆగకుండా 3 కిలోమీటర్లు పోగలను, ఇంకా మూడు నెలలుంది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో కొందరు షూ విప్పేసి పరిగెత్తుతున్నారు, మోకాళ్లకు మంచిదంటున్నారు. నిజమేనా? చేసినవాళ్లు చెప్పండి.

తుంగభద్ర గట్టు, కర్నూలు:
అక్కా, నేను బడిలో పీఈటీని. పల్లెల నుంచి వచ్చే పిల్లలు చాలామంది ఉత్తకాళ్లతోనే పరిగెత్తుతారు. పక్క నుంచి గమనిస్తే తెలుస్తుంది, మడమ ముందుగా నేలకు కొట్టుకోదు. మునిపాదం తాకి, తర్వాత మడమ మెల్లగా దిగుతుంది. అడుగులు పొట్టిగా, గబగబా పడతాయి. మెత్తటి షూ ఉంటే మనం కాలు ముందుకు చాపి మడమ మీద పడతాం. 2010లో హార్వర్డ్‌లోని డేనియల్ లీబర్మన్ బృందం దీన్ని కొలిచింది. మునిపాదం మీద దిగేవాళ్లకు నేల నుంచి తగిలే మొదటి కుదుపు బాగా తక్కువని తేలింది. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా ఉత్తకాళ్లతోనే గెలిచాడు. 1964లో టోక్యోలో షూతో ఇంకా తక్కువ టైములో గెలిచాడు! అందుకే వేగం కోసం విప్పొద్దు, అడుగు నేర్చుకోవడానికి విప్పండి.

కడప ఫిజియో:
అన్న చెప్పింది సరే. కానీ మోకాలికి తగ్గిన భారం పిక్కల మీద, పిక్కను మడమకు కలిపే టెండన్ మీద పడుతుంది. ఏళ్ల తరబడి షూకు అలవాటైన కాలితో ఒక్కసారిగా దూరం పోతే పాదం ఎముకల్లో సన్నటి పగులు రావచ్చు. మా దగ్గరికి అలా వచ్చేవాళ్లు ఎక్కువగా మొదటి వారమే హుషారుగా దూరం పెంచినవాళ్లు. ముందు కొన్నాళ్లు ఇంట్లో, మిద్దె మీద ఉత్తకాళ్లతో నడవండి. తర్వాత మామూలు పరుగు అయ్యాక మట్టి మీద ఐదు నిమిషాలు చాలు, అదీ వారానికి రెండుసార్లే. పిక్కలు పట్టేసుంటే ఆ రోజు వద్దు. పాదం పైన ఒకేచోట నొక్కితే నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం అసలు విప్పకూడదు. ముల్లు దిగినా వాళ్లకు తెలియదు, పుండు త్వరగా మానదు.

గుత్తికోట:
ముళ్ల సంగతి ఎవరూ రాయలేదే! మన సీమలో పల్లేరుకాయలు, కంపముళ్లు లేని చోటు వెతుక్కోవాలి. రోజూ జనం నడిచే గ్రౌండే మేలు. బాగా వెలుతురు వచ్చాకే విప్పండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

అరుణ, అనంతపురం:
చాలా థాంక్స్. మరి రన్ రోజు?

తుంగభద్ర గట్టు, కర్నూలు:
తారు రోడ్డయితే షూతోనే, అదీ ప్రాక్టీసులో వాడినదే. వారానికి ఒక పొడవు పరుగు పెట్టుకుని అర కిలోమీటరు చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం కొంచెం తగ్గించండి. 7, 8 కిలోమీటర్లు నిదానంగా అందితే ఆ రోజు 10 అందుతుంది. మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం చాలు.

కడప ఫిజియో:
అరుణగారూ, ఇంకొక మాట. కిలోమీటరుకు ఇంత అంటే, డబ్బు తగ్గుతుందన్న టెన్షన్‌తో నొప్పి ఉన్నా ఆగకుండా పరిగెత్తేస్తారు. మొత్తం ఇంతని ముందే ఇవ్వమని అడగండి. మీరు మధ్యలో నడిచినా పిల్లలకు చేరాల్సింది చేరుతుంది.

గుత్తికోట:
డబ్బు నేరుగా ట్రస్టు ఖాతాకే వేయించండి. దాతలకు పన్ను మినహాయింపు వచ్చే నమోదు (80జి) ట్రస్టుకు ఉందో లేదో అడగండి. నగదుగా 2,000 రూపాయలు దాటితే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలు లేదు. ఈ సంగతి దాతలకు ముందే చెప్పడం మంచిది.

అరుణ, అనంతపురం:
రేపే ఆఫీసులో మాట్లాడతాను. ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఉంటాను. అనంతపురం వాళ్లెవరైనా వస్తే కలిసి పరిగెత్తుదాం.