ఈ వారం సమస్య: చినిగి చినిగి నవల చిగురు వేసె

నిర్వాహకుడు: అమ్మకి కంటి ఆపరేషన్ అయిన రాత్రి నిద్ర పట్టలేదు. సంచిలో పడేసుకున్న పొత్తూరి విజయలక్ష్మి గారి నవల 'ప్రేమలేఖ' మళ్ళీ తీశాను. ఎన్నోసారో లెక్క లేదు. సరదాకి రాసిన ఉత్తరం పట్టుకుని కుర్రాడు ఆ అమ్మాయి కోసం వెతుకుతుంటే, ముందేం జరుగుతుందో తెలిసి కూడా నవ్వాపుకోలేకపోయాను. టెన్షన్ ఎటు పోయిందో! పసుపు మరక ఉన్న ఆకొకటి ఊడి చేతిలోకి వచ్చింది. అప్పుడు తట్టిన పాదం ఇది. ఇదే చివరి పాదంగా మిగతా పద్యం పూరించాలి. కానివ్వండి.

గోదారిగట్టు:
అమ్మ చదివి నవ్వె నమ్మమ్మ నవ్వెను
నేను చదివి నవ్వి నిదురపోతి
అట్టలూడె చివర నాకులు రాలెను
చినిగి చినిగి నవల చిగురు వేసె

మెదక్ మాస్టారు: 'ఆకులు రాలెను' దగ్గర ఆగిపోయానండీ. పుస్తకానికీ చెట్టుకీ ఒక్క మాటతో ముడి వేశారు. ఇక చిగురు వేయక ఏం చేస్తుంది! కానీ 'పోతి' తర్వాత పాదాన్ని అచ్చుతో ఎత్తుకున్నారు. 'నట్టలూడె' అంటే సంధి కుదురుతుంది, యతీ చెడదు.

గోదారిగట్టు: నిజమే, దిద్దుతాను. అయినా మాస్టారూ, పోయిన నెల మీ కంద పద్యంలో ఆరో గణం నియమం తప్పి భగణం పడితే నేను ఒక్క ముక్క అనలేదు.

మెదక్ మాస్టారు: ఆ రాత్రే సరిచేశాను కదా! దిద్దిన పద్యం ఎవరూ చూడరు, తప్పు మాత్రం అందరికీ గుర్తుంటుంది. సరే, నా పూరణ:
కంటిజోడు పెట్టి కదలక కూర్చుండి
పచ్చదారమొకటి పట్టి తెచ్చి
పాత చీర కొంగు పలుమారులుతుకంగ
చినిగి చినిగి, నవల చిగురు వేసె

డాలస్ అక్కయ్య: దండం మాస్టారూ! నవలంటే ఆడమనిషన్న పాత అర్థం పట్టుకుని, చిరుగు మీద దారంతో చిగురు కుట్టించారు. మా అమ్మ కళ్ళ ముందు కనిపించింది. ఒక్కటే పేచీ. చినిగింది చీర, వేసింది నవల. కర్తలు వేరైతే 'చినుగ' అనాలి కదా?

గోదారిగట్టు: అదే నేనూ అనబోయాను, అక్కయ్య ముందే అనేశారు. పైగా ఇందులో పుస్తకమే లేదు!

డాలస్ అక్కయ్య: నేను పుస్తకాన్ని వదల్లేదు:
ఊరు పేరు లేని యుత్తరమ్మొక్కటి
వచ్చి వాని గుండె వశము చేసి
నట్టి కథను చదువ నలసిన మనసులో
చినిగి చినిగి నవల చిగురు వేసె

నిర్వాహకుడు: పుస్తకం పేరు చెప్పకుండా కథంతా రెండు పాదాల్లో పెట్టారు. 'చేసినట్టి'ని పాదాల మధ్య విరిచినా పరుగు ఆగలేదు. నా ఓటు దీనికే.

మెదక్ మాస్టారు: పద్యం బాగుందమ్మా, ఒప్పుకుంటున్నాను. నేను మాత్రం ముందు 1984లో ఈ నవలతోనే తీసిన జంధ్యాల గారి సినిమా 'శ్రీవారికి ప్రేమలేఖ' చూసి, తర్వాత నవల చదివాను. అందుకని ఎన్నిసార్లు తిరగేసినా హీరో నరేష్ మొహమే కనిపిస్తుంది.

డాలస్ అక్కయ్య: నాకు సినిమాకంటే నవలే హాయి. నచ్చిన పేజీ దగ్గర ఎంతసేపైనా ఉండిపోవచ్చు.

గోదారిగట్టు: దిద్దాను: 'నట్టలూడె చివర నాకులు రాలెను'. ఇప్పుడు చూడండి మాస్టారూ.

మెదక్ మాస్టారు: చూశాను. ఇప్పుడు వంక లేదు. అమ్మగారికి ఎలా ఉంది నిర్వాహకా?

నిర్వాహకుడు: కట్టు విప్పారండీ. కానీ చదవొద్దన్నారని నేనే చదివి వినిపిస్తున్నాను. ఊడిన ఆకు దగ్గరికి రాగానే, అందులోది అమ్మే కాగితం చూడకుండా చెప్పేసింది.