యిర్మీయా 2:13లో ‘తొట్లు’ ఏమిటి? ‘జెలలుగల నీళ్లు’, ‘జీవజలము’ ఒకటేనా?

కడవాచేద:
బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 2:13లో దేవుడు తన జనం గురించి అన్న మాట తెలుగులో ఇలా ఉంది: “జీవజలముల ఊటనైన నన్ను విడిచి యున్నారు, తమకొరకు తొట్లను, అనగా బద్దలై నీళ్లు నిలువని తొట్లను తొలిపించుకొనియున్నారు.” తొట్టి అనగానే మనకు కుడితి తొట్టో, పెరట్లో సిమెంటు తొట్టో తడుతుంది. వాటిని కట్టిస్తారు గానీ ‘తొలిపించడం’ ఏమిటి? మూలంలో ఏ మాట ఉందో తెలిసినవారు చెప్పగలరా?

తాటాకు:
హీబ్రూలో అక్కడున్నది ‘బోర్’. మన పొలాల్లో వేసే బోరుకీ దీనికీ చుట్టరికం లేదు, అది ఇంగ్లీషు నుంచి వచ్చింది. భూమిలో నీరు తగిలేదాకా తవ్వి, అడుగున ఊరేదానికి ‘బెయేర్’ అంటారు, అంటే మన బావి. తనంతట తాను పైకి ఉబికే ఊటకు ‘అయిన్’ అని పేరు. ‘బోర్’లో ఊరేదేమీ ఉండదు. సున్నపురాతిలో తొలిచి, వాననీళ్లు పట్టి దాచుకునే గొయ్యి అది. కనుక ‘తొలిపించు’ అన్న క్రియ సరిగ్గా కుదిరింది. ఇబ్బందల్లా ‘తొట్టి’తోనే.

ఈ ఒక్క మాటకే తెలుగు బైబిల్లో చాలా వేషాలున్నాయి. యోసేపును అన్నలు పడేసిన చోట ‘గుంట’, యిర్మీయాను తాళ్లతో దింపిన చోట ‘గోతి’, సామెతలు 5:15లో ‘కుండ’, ప్రసంగి 12:6లో చక్రం పడిపోయే చోట ‘బావి’. చోటును బట్టి మార్చడం తప్పు కాదు గానీ, యోసేపు పడ్డదీ యిర్మీయా 2:13లో చెప్పిందీ ఒకే రకం కట్టడమని తెలుగులో చదివేవారికి తెలిసే దారి లేదు. “ఆ గుంట వట్టిది అందులో నీళ్లులేవు” అని ఆదికాండము 37లో పనిగట్టుకుని ఎందుకు చెప్పారో కూడా అప్పుడే అర్థమవుతుంది. ఉండాల్సిన నీళ్లు లేవని దాని భావం.

గచ్చుపని:
కట్టే తీరు తెలిస్తే ఈ వచనం ఇంకా బాగా పట్టుబడుతుంది. పైన మనిషి దూరేటంత ఇరుకు మెడ, లోపల వెడల్పాటి పొట్ట: బుడ్డి ఆకారం. మూతి చిన్నదైతే ఎండకు నీరు ఆవిరి కాదు, వెలుతురు పడక నాచు తక్కువ పడుతుంది, రాతితో మూయడమూ తేలిక. అందులో పడినవాడు తనంతట ఎక్కిరాలేనిదీ ఆ మెడ వల్లే. మూత తీసి వదిలేస్తే పక్కవాడి ఎద్దో గాడిదో పడి చస్తుంది. ఆ నష్టం గొయ్యి యజమాని కట్టుకోవాలని నిర్గమకాండము 21:33-34.

సున్నపురాయిలో సన్నటి చీలికలు, పొరల మధ్య సందులు ఉంటాయి. వాటిగుండా నీరు జారిపోకుండా లోపలంతా సున్నపు గార మెత్తుతారు. తర్వాతి కాలాల్లో ఆ గారలో కుండపెంకుల పొడి కలిపేవారు, నీటిలో నానినా గట్టిపడుతుందని. మిద్దె మీద, వాకిట్లో పడిన వాన కాలువగుండా వచ్చి, చాలాచోట్ల ముందొక చిన్న గుంటలో మట్టి దించుకుని, తర్వాత లోపలికి దిగుతుంది.

యెరూషలేములో ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన, అదీ అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపలే. 40 చదరపు మీటర్ల మిద్దె మీద పడేది లెక్కకు 22,000 లీటర్లు, అందులో ఇంకేది, ఒలికేది కొంత పోతుంది. మిగిలినదానితో వాన చుక్క లేని అయిదు నెలలు నెట్టుకురావాలి. మోయాబు రాజు మేషా శిలాశాసనంలో (క్రీ.పూ. 9వ శతాబ్దం) ఊళ్లో నీటిగొయ్యి లేదని, ఎవరింట్లో వారు ఒకటి చేసుకోవాలని జనానికి చెప్పినట్టు ఉంది. అక్కడా ఇదే మాట.

కడవాచేద:
మరి ‘బద్దలై’ అన్నది? రాయి బద్దలవుతుందా?

గచ్చుపని:
ముందు పగిలేది గారండీ. వేసవిలో గొయ్యి ఎండితే గార ముడుచుకుని నెర్రెలిస్తుంది. చెట్ల వేళ్లు ఆ నెర్రెలు వెతుక్కుంటాయి. భూకంపమొస్తే రాయి కూడా చీలుతుంది. కష్టమేమిటంటే, చీలిక పైకి కనబడదు. వానలకు నిండుతుంది, మూత వేస్తారు, మండువేసవిలో తీసి చూస్తే అడుగున బురద. యిర్మీయా 38లో ఆయన దిగబడిందీ అలాంటి బురదలోనే. గార బాగున్నా ఏటేటా పూడిక తీయకపోతే అడుగు నిండిపోయి, పట్టే నీరు తగ్గుతుంది.

వంకనీళ్లు:
ఇక్కడొక మాట. తొలకరి, కడవరి వర్షములు అని బైబిల్లో చదివి జూన్‌లో పడే మన తొలకరి అనుకుంటారు. అక్కడ తొలకరి అక్టోబరు–నవంబరులో, కడవరి వాన మార్చి–ఏప్రిల్‌లో. గొయ్యి శుభ్రం చేసి గార సరిచేయాల్సిందీ ఆ తొలకరికి ముందే.

అసలు విషయానికొస్తే, ఆదికాండము 26:19 చూడండి: ఇస్సాకు దాసులు తవ్వగా “జెలలుగల నీళ్లబావి దొరికెను.” మూలంలో ‘మయిమ్ హయ్యిమ్’, అక్షరాలా ‘బతికున్న నీళ్లు’. యిర్మీయా 2:13లోని జీవజలములూ అవే, లేవీయకాండము 14లోని ‘పారు నీరు’ కూడా అదే. జెల (బావి అడుగున ఊరే నీటి ధార) అనే మాట బావులు తవ్వేవాళ్ల నోట ఇంకా బతికే ఉంది: “ఇరవై అడుగులకు జెల పడింది.” నన్నడిగితే ఈ మూడింటిలో అదే గొప్ప అనువాదం. జీవజలము అనగానే మనసు నేరుగా మోక్షం వైపు వెళ్తుంది. జెల అంటే బావి అడుగుకు వెళ్తుంది. యిర్మీయా మాటలో తిట్టు అక్కడే ఉంది. వేసవిలోనూ ఊరే జెల పక్కనుండగా, పగిలిన గోతిలో వాననీళ్లు పోసుకుంటున్నారని.

కడవాచేద:
అయితే యోహాను 4లో బావి దగ్గర యేసు జీవజలము మాట ఎత్తినప్పుడు సమరయ స్త్రీ “ఆ జీవ జలము ఏలాగు నీకు దొరకును?” అనడం అమాయకత్వం కాదన్నమాట.

వంకనీళ్లు:
కాదండీ, ఆమె విన్నది ‘జెల నీళ్లు’ అని. అందుకే వెంటనే “యీ బావి లోతైనది, చేదుకొనుటకు నీకేమియు లేదే” అంటుంది. ప్రయాణంలో ఉన్నవాళ్లు తోలు బొక్కెన, తాడు వెంట తెచ్చుకునేవారు, బావి దగ్గర అందరి కోసం చేద వేలాడదీసి ఉండదు. నాబ్లస్ దగ్గర యాకోబు బావిగా చూపేది సుమారు 41 మీటర్ల లోతు. 19వ శతాబ్దంలో కొలిచినవారికి 23 మీటర్లే తగిలింది, అంత పూడిక చేరింది.

తాటాకు:
అక్కడే గ్రీకు మూలంలో ఇంకో తేడా ఉంది. 6వ వచనంలో ఆ చోటును ‘పేగే’, అంటే ఊట అన్నారు. 11లో ఆమె నోట ‘ఫ్రేయర్’, తవ్విన బావి. తెలుగులో రెండూ ‘బావి’ అయ్యాయి. రిబ్కా అబ్రాహాము దాసుడి ఒంటెలకు నీళ్లు పోసిన సంగతిలో కూడా (ఆదికాండము 24) బెయేర్, అయిన్ రెండూ కలిసి వస్తాయి. ఆమె దిగి, కడవ నింపుకుని, ఎక్కివచ్చింది కనుక మన దిగుడుబావి లాంటిది అనుకోవచ్చు. తాడుతో పని లేకపోయినా పది ఒంటెలకు నీళ్లు పోయడం చిన్న పని కాదు. బాగా దప్పిగొన్న ఒంటె ఒక్కటే దాదాపు 100 లీటర్లు తాగగలదు. కడవకు 15 లీటర్లు వేసుకున్నా ఎన్నిసార్లు మెట్లెక్కాలో మీరే లెక్కేసుకోండి.