హైదరాబాద్ నుంచి వరంగల్, రామప్ప ఒక్క రోజు బస్ టూర్ - పెద్దవాళ్ళతో అయ్యే పనేనా?

తెనాలి టు మియాపూర్:

అందరికీ నమస్తే. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు, ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంటారు. గోల్కొండ, సాలార్‌జంగ్, బిర్లా మందిర్ అన్నీ అయిపోయాయి. ఇప్పుడు నాన్న రామప్ప గుడి చూడాల్సిందే అని పట్టుబట్టారు, 2021లో యునెస్కో వాళ్ళు వరల్డ్ హెరిటేజ్ అని ప్రకటించినప్పట్నుంచి ఆయనకి అదే ధ్యాస, టీవీలో ఆ గుడి కనిపిస్తే చాలు రిమోట్ ఎవరికీ ఇవ్వరు. అమ్మకేమో యాదగిరిగుట్ట దర్శనం కావాలి, కొత్తగా కట్టాక చూడలేదంట.

కారుంది గానీ నాకు నడుం నొప్పి, రోజంతా స్టీరింగ్ పట్టుకోవడం నావల్ల కాదు. అందుకే గైడుతో సహా వన్ డే ప్యాకేజీలు చూస్తున్నా. ఒక ట్రావెల్స్ వాళ్ళు పంపిన లిస్టు ఇది: యాదాద్రి (అదే యాదగిరిగుట్ట), పెంబర్తి, వేయి స్తంభాల గుడి, భద్రకాళి, వరంగల్ కోట, రామప్ప, లక్నవరం. తెల్లారి 5కి ఎక్కించుకుని రాత్రి 10కి దింపేస్తారంట, టిఫిను, భోజనం వాళ్ళదే. చదవడానికి బానే ఉంది గానీ ఒక్క రోజులో ఇన్ని నిజంగా చూపిస్తారా, లేక బస్సులోంచి చెయ్యి చూపించి అదిగో అంటారా? నాన్నకి 68, మోకాళ్ళు అంతంత మాత్రం, మెట్లు ఎక్కువుంటే కష్టం. వెళ్ళొచ్చిన వాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

ఉప్పల్ రింగురోడ్డు:

మేం ఆఫీసు ఫ్రెండ్స్ అందరం ఇలాంటి ప్యాకేజీలోనే వెళ్ళాం అండి, పేరు వద్దులెండి. చూపించడం అయితే అన్నీ చూపించారు, అబద్ధం ఎందుకు, కాకపోతే ఎంతసేపు అన్నదే ప్రశ్న. 5కి అన్న బస్సు మియాపూర్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ అన్ని పికప్‌లూ అయ్యి ఉప్పల్ దాటేసరికే ఏడవుతోంది. యాదాద్రిలో గంటలో వచ్చేయండి అన్నారు, వీకెండ్ అది, ధర్మదర్శనం లైన్ చూసి సగం మంది బయట్నుంచే దండం పెట్టి పులిహోర కొనుక్కుని వచ్చేశారు, మిగతా సగం దర్శనం చేసుకుని తాపీగా వచ్చారు, వాళ్ళకోసం మేమందరం బస్సులో ఏసీ వేయమని డ్రైవర్‌తో గొడవ. అక్కడ పోయిన టైము ఇంక రోజంతా దొరకలేదు. మేం రామప్పకి చేరేసరికి పొద్దు వాలిపోతోంది, గైడు మైకులో నలభై నిమిషాలే అని మొదలుపెట్టి, గుడి చుట్టూ ఒక రౌండు కొట్టించి, నీళ్ళ మీద తేలే ఇటుకలు అని ఒక మాట చెప్పి పదండి పదండి అన్నాడు. లక్నవరంలో అయితే వేలాడే వంతెన మీద ఫోన్ టార్చ్ వేసుకుని నడిచాం, చెరువు ఎక్కడుందో కనపడితే ఒట్టు. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.

లెక్క మీరే వేసుకోండి. హైదరాబాద్ నుంచి రామప్ప దాదాపు 210 కిలోమీటర్లు, బస్సుకి నాలుగు గంటలు ఎక్కడికీ పోవు, ట్రాఫిక్‌ని బట్టి నాలుగున్నర. రానూపోనూ తొమ్మిది గంటలు రోడ్డు మీదే. ఇంక మిగిలిందాంట్లో ఏడు చోట్లు, టిఫిను, భోజనం, బాత్రూమ్ స్టాపులు. కుర్రాళ్ళకైతే సరదాగానే ఉంటుంది, పాటలు పెట్టుకుని డాన్సులేసుకుంటూ పోతారు. మీ నాన్నగారు గుడి కోసం వెళ్తున్నారంటే మాత్రం ఆ బస్సు వద్దు.

హన్మకొండ పోరడు:

అన్నా నేను లోకల్. గా లిస్టు చూస్తెనే నవ్వొచ్చింది, ఏడు జాగలా, ఏం తిరుగుతరే ముసలోళ్ళతోని. ముందుగాల యాదాద్రి, లక్నవరం రెండూ కొట్టెయ్. లక్నవరం మంచిగనే ఉంటది, నేను కాదంటలేను, కాకతీయులు కట్టిన చెరువే అది, మధ్యల దీవులు, వంతెన, బోటింగు, గానీ అది పూట పూటంతా కూసోని చూసే జాగ, పది నిమిషాల కోసం ఆ దూరం పోవుడెందుకు. పెంబర్తిల ఇత్తడి సామాన్లు కొనాలంటే ఆగు, లేకుంటే దాటెయ్.

నువ్ చేయాల్సింది ఏందంటే, పొద్దుగాల ట్రైనెక్కి కాజీపేటల దిగు. రెండు గంటల్ల దిగుతవ్, బాపుకు కాళ్ళు చాపుకునేటందుకు ఉంటది, బాత్రూమ్ ఉంటది, నీ నడుముకు గూడ సుఖం. దిగినంక రోజు మొత్తానికి కారు మాట్లాడుకో, ముందు రోజే ఫోన్ల మాట్లాడి వెయిటింగ్, టోల్ అన్నీ కలిపి ఒకటే రేటు అని ఖాయం చేసుకో. హన్మకొండల టిఫిన్ చేసి సీదా రామప్పకు పోవాలె, ఊర్లె ఏం చూడొద్దు ఇంక, సీదా. ఆత్మకూరు, ములుగు దాటి జంగాలపల్లి కాడ మలుగుతే పాలంపేట వస్తది, రామప్ప గుడి ఉన్న ఊరు గదే, గంటన్నర లోపే. పదిన్నరకల్లా గుళ్ళె ఉంటవ్, బస్సులు అప్పటికి రావు, పిల్లల పిక్నిక్‌లు రావు, మంచిగ ప్రశాంతంగ చూడొచ్చు. రెండు గంటలు సూడు, తర్వాత రామప్ప చెరువు కట్ట మీద కాసేపు నిలబడు, తిరిగొచ్చి హన్మకొండల అన్నం తిని, ఎండ తగ్గినంక వేయి స్తంభాల గుడి, ఆఖరుకు కోట. రాత్రి ట్రైన్ల వాపస్.

ఇంకోటి, మేడారం జాతర టైముల మాత్రం అటు దిక్కు పెట్టకు. రెండేండ్లకోసారి మాఘమాసంల అయితది, గప్పుడు ములుగు రోడ్డు మీద బండి ఇరుక్కుంటే ఇరుక్కున్నట్టే.

రాతిబొమ్మ:

హన్మకొండ తమ్ముడు చెప్పిందే కరెక్టు అండి, నేను దానికి కొంచెం కలుపుతా. రామప్పలో అక్కడే ఉండే గైడుని తీసుకోండి, బస్సుతో వచ్చే గైడు వేరు ఈయన వేరు. బస్సు గైడు ఏడు ఊళ్ళ గురించి తలా పది వాక్యాలు కంఠస్థం చేసుంటాడు, పాపం ఆయన ఉద్యోగం అది. అక్కడి గైడు ఏ శిల్పం దగ్గర ఏ గంటకి వెలుతురు పడుతుందో తెలిసినవాడు. ఎంత తీసుకుంటారో, తెలుగులో ఎంతసేపు చెప్తారో గేటు దగ్గరే మాట్లాడుకోండి.

గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, లోపలి స్తంభాలూ, బయటి మదనికలూ (నాట్యగత్తెల్లాంటి ఆడవాళ్ళ శిల్పాలు) మాత్రం నల్లటి డోలరైట్, చాలా గట్టి రాయి. దాన్ని నున్నగా ఎంత మెరుగు పెట్టారంటే, గైడు మీ నాన్నగారిని స్తంభం ముందు నిలబెట్టి ఫోన్ టార్చ్ పక్కనుంచి వేస్తాడు చూడండి, మొహం కనిపిస్తుంది అందులో. తర్వాత సన్నటి పుల్లో సూదో తీసి స్తంభం మీద చెక్కిన నగిషీ వెనక నుంచి దూర్చి ఇవతలికి తీస్తాడు. అంటే రాయిని పైన చెక్కడమే కాదు, వెనక కూడా తొలిచి ఖాళీ చేశారన్నమాట. నేను ఫోటోల్లో ఎన్నోసార్లు చూసిన స్తంభమే, ఆ పుల్ల ఇవతలికి వచ్చేవరకూ నాకు అక్కడ సందు ఉందనే తెలీలేదు. బయట చూరు కింద వాలుగా నిలబెట్టిన మదనికలు ఉంటారు, అందులో ఒకావిడ ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది, అది మాత్రం ఏ గైడూ వదలడు, నవ్వులు గ్యారంటీ కాబట్టి.

గుడి కట్టింది 1213లో, కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, ఆ సంగతి చెక్కిన శాసనం ప్రాంగణంలోనే చిన్న మండపంలో ఉంది, చాలామంది దాని పక్కనుంచే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు. శిల్పి పేరు రామప్ప అంటారు, ఆయన పేరుతోనే గుడిని పిలుస్తున్నాం, రాజు పేరూ కాదు, దేవుడి పేరూ కాదు (దేవుడు రామలింగేశ్వరుడు). తేలే ఇటుకలు నిజమేనండి, శిఖరం బరువు తగ్గించడానికి స్పాంజిలా రంధ్రాలున్న తేలిక ఇటుకలతో కట్టారు, పునాది కింద ఇసుక నింపారు. నాట్యం మీద ఇష్టం ఉంటే లోపలి స్తంభాల మీద డాన్సర్ల వరసలు తీరిగ్గా చూడండి, నాట్యగురువు నటరాజ రామకృష్ణగారు కాకతీయుల నాటి పేరిణి తాండవం అనే నాట్యానికి మళ్ళీ ప్రాణం పోసింది ఆ భంగిమలు చూసే.

మోకాళ్ళ సంగతి: గుడి నక్షత్రం ఆకారంలో ఆరడుగుల అరుగు మీద ఉంటుంది, ఆ మెట్లు ఎక్కక తప్పదు, కొంచెం ఎత్తుగా ఉంటాయి, పక్కన ఒకళ్ళు చెయ్యి పట్టుకుంటే చాలు. అసలు ఇబ్బంది ఎండ. చెప్పులు విప్పాలి కదా, మార్చి తర్వాత పదకొండు దాటితే ఆ రాళ్ళ మీద కాలు పెట్టలేం. మందపాటి సాక్సులు రెండు జతలు బ్యాగులో పడేయండి.

జీడిమెట్ల వెంకట్:

అందరూ యాదాద్రి తీసెయ్ తీసెయ్ అంటున్నారు, వాళ్ళమ్మగారు అడిగింది అదే కదా బ్రో? ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. శిల్పకళ మీకు, దేవుడు ఆవిడకి. బస్సు ప్యాకేజీ బాగోకపోతే సొంతంగా కారు పెట్టుకుని పొద్దున్నే యాదాద్రి చేసుకుని వరంగల్ పోవచ్చు, రోడ్డు మీదే కదా ఉంది.

హన్మకొండ పోరడు:

రోడ్డు మీద లేదన్నా, రాయిగిరి కాడ లోపలికి పోవాలె. పోయి, కొండెక్కి, దర్శనం చేసుకోని, మళ్ళ మెయిన్ రోడ్డుకు వచ్చేసరికి తక్కువల తక్కువ మూడు గంటలు. శని ఆదివారాలైతే నేనేం చెప్పలేను.

రాతిబొమ్మ:

వెంకట్‌గారు అడిగింది న్యాయమే. కాకపోతే యాదాద్రి హైదరాబాద్‌కి 60 కిలోమీటర్లే, దానికి వేరే పూట పెట్టుకోవచ్చు, ఉప్పల్ నుంచి ఆర్టీసీ బస్సులు వరసగా ఉంటాయి. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. 2022 మార్చిలో తెరిచాక గుడి మొత్తం కృష్ణశిలతో కొత్తది, ఆవిడ కూడా మాడవీధుల్లో నిదానంగా తిరిగి చూసుకుంటారు, బస్సు వెళ్ళిపోతుందేమో అన్న కంగారుతో చేసే దర్శనం ఏం దర్శనం అండి.

తెనాలి టు మియాపూర్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అమ్మని అడిగా, యాదాద్రి విడిగా అంటే ఆవిడకే ఎక్కువ ఇష్టంగా ఉంది, శనివారం మాత్రం వద్దంది రష్ అని. రామప్పకి బుధవారం అనుకుంటున్నాం, ట్రైన్ టికెట్లు చూస్తున్నా. రెండు డౌట్లు. ఒకటి, కోట నిజంగా అవసరమా, అప్పటికి నాన్న అలిసిపోతారేమో. రెండు, వేయి స్తంభాల గుడిలో ఏదో రిపేర్లు నడుస్తున్నాయని ఎప్పటినుంచో వింటున్నా, తెరిచారా?

ఉప్పల్ రింగురోడ్డు:

తెరిచారండి. అది కళ్యాణ మండపం, రాళ్ళన్నీ విప్పి నంబర్లేసి పక్కన పెట్టేసి ఏళ్ళకేళ్ళు అలాగే ఉండిపోయింది, 2024లో మళ్ళీ నిలబెట్టి ఓపెన్ చేశారు. గుడి ఊరి మధ్యలోనే, నడక తక్కువ, గంటలోపు అయిపోతుంది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది, శివుడికీ విష్ణువుకీ సూర్యుడికీ మూడు గర్భగుళ్ళు. స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెడితే మాత్రం బయటపడలేరు.

హన్మకొండ పోరడు:

కోట ఇడిచిపెట్టకన్నా. అక్కడ ఎక్కుడు దిగుడు ఉండదు, గోల్కొండ లెక్క కాదు, అంతా మైదానమే. కారు తోరణాల కాడిదాక పోతది. నాలుగు దిక్కులకు నాలుగు కీర్తితోరణాలు, అంటే పెద్ద రాతి ద్వారాలు, నిలబడి ఉంటయి, మధ్యల గుడి మాత్రం లేదు, ఇరిగిన శిల్పాలు వరసగ పెట్టిండ్రు, ఒక్కొక్కటి చూసుకుంట పోవుడే. తెలంగాణ రాజముద్రల ఉన్న తోరణం గదే. ఐదు కొట్టంగ పోతే ఎండ పక్కకు వాలి రాయి రంగే మారుతది, ఫోటోలకు మస్తుంటది. పక్కనే ఖుష్ మహల్ అని పాత కట్టడం ఉంది, బాపుకు ఓపిక లేకుంటే ఆయనను చెట్టు కింద బెంచీ మీద కూసోబెట్టి మీరు పోయి రండి. టైము మిగిలితే భద్రకాళి, చెరువు ఒడ్డున చల్లగుంటది, సాయంత్రం హారతి టైముకు పోతే అమ్మ ఖుషీ అయితది. మధ్యాహ్నం మాత్రం పోకు, తలుపులు మూసి ఉంటరు.

డ్రైవరుకు పొద్దుగాలనే చెప్పు, "అన్నా నాకు షాపింగులు వద్దు, దుకాన్ల కాడ ఆపకు" అని. అన్నం తినే హోటల్ గూడ నువ్వే చెప్పు, ఆయనకు ఇడిచిపెడితే కమీషన్ వచ్చే కాడికి తీస్కపోతడు. రిటర్న్ ట్రైన్ ఎనిమిది తర్వాతది చూసుకో, ఆరింటిది బుక్ చేసినవనుకో కోట కాడ వాచీ చూసుకుంట ఉరుకుతవ్. టికెట్ వరంగల్ నుంచి తియ్, కాజీపేట నుంచి కాదు, కోటకు వరంగల్ స్టేషనే దగ్గర.

తెనాలి టు మియాపూర్:

సూపర్ తమ్ముడూ. రిటర్న్ వరంగల్ నుంచి ఎనిమిదిన్నర తర్వాత దానికే చూస్తా. అమ్మ ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి తినదు, హన్మకొండలో అలాంటి భోజనం దొరుకుతుందా లేక ఇంటి నుంచి పులిహోర కట్టుకురమ్మంటావా?

హన్మకొండ పోరడు:

వెజ్ హోటళ్ళు మస్తున్నయి గానీ ఉల్లిగడ్డ లేకుంట అంటే గ్యారంటీ ఇయ్యలేనన్నా. పులిహోర కట్టుకోండ్రి, పెరుగు ఇక్కడ కొనుక్కోవచ్చు. రామప్ప చెరువు కట్ట మీద చెట్ల కింద కూసోని తినొచ్చు, ఇస్తార్లు మాత్రం వాపస్ తీస్కపోండ్రి, అక్కడ పారేయకుండ్రి.