నెల్లూరు చెట్లను ఫొటోలు తీస్తున్నా, వైర్లు రాకుండా ఎలా?

మూలాపేట వాసి:
ఊళ్లో చెట్లన్నిటినీ ఫొటోలు తీసి ఒక సిరీస్‌లా దాచుకోవాలని తిరుగుతున్నాను, నాకోసమే. దర్గామిట్ట, పొగతోట, ట్రంకురోడ్డు, ఎక్కడ నిలబడినా చెట్టు ముందు కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్, పుట్టినరోజు ఫ్లెక్సీ. చెట్టు ఒక్కటే రావాలంటే ఎలా? పైగా ఫోన్‌లో ఆకులు నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చేస్తోంది. కెమెరా కొనాల్సిందేనా?

వేదాయపాలెం:
అక్కర్లేదు బ్రదర్. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తీస్తున్నట్టున్నారు. పొద్దున 7 లోపు వెళ్లండి, సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. స్క్రీన్ మీద ఆకుల దగ్గర వేలితో నొక్కితే వెలుతురు వాటికి తగ్గట్టు సర్దుకుంటుంది. దగ్గర నుంచి వైడ్‌లో తీస్తే మాను వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, రోడ్డు అవతలికి వెళ్లి 2 ఎక్స్ జూమ్ పెట్టండి. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, ఆ మబ్బు రోజులు వదలొద్దు, నీడలు గట్టిగా పడవు, తడిసిన బెరడు రంగు బాగా తేలుతుంది.

ఒంగోలు, కర్నూలు రోడ్డు:
అసలు వైర్లు ఎందుకు రాకూడదు? లైను కింద వేపకి పైకొమ్మలు కొట్టేస్తారు, అది రెండు పక్కలకీ పెరిగి మధ్యలో ఖాళీ మిగులుతుంది. వైరు కనపడకపోతే ఆ ఆకారం ఎందుకొచ్చిందో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? కింద ఇస్త్రీ బండి, చెప్పులు కుట్టే ఆయన, రావిచెట్టుకి కట్టిన పసుపు దారాలు, మొదలు దాకా పోసిన సిమెంటు, ఇవన్నీ ఉంటేనే అది ఊరి చెట్టు. ఒంటరి చెట్టు కావాలంటే నల్లమలకి వెళ్లండి. నేనైతే వంద చెట్లు ఒక్కోసారి తీసేకన్నా పది చెట్లని ఏడాదంతా ఒకే చోట నిలబడి తీస్తాను. ఉగాదికి వేపపూత, మే నెలలో తురాయి, బాదం ఆకులు రాలేముందు ఎర్రబడటం, అన్నీ దొరుకుతాయి.

మాగుంట లేఔట్ అమ్మాయి:
నిద్రగన్నేరుని మాత్రం పగలొకటి, పొద్దుగూకాక ఒకటి తీయండి, ఆకులు ముడుచుకుని గొడుగంతా పలచబడిపోతుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచి ఒరిజినల్ ఫైళ్లు విడిగా దాచండి, వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే ఎక్కడ, ఎప్పుడు తీశారన్న వివరాలు పోతాయి. మా వీధి చివర చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. మా అక్క పెళ్లి ఫొటోలో వెనకాల ఒక కొమ్మ పడింది, మా దగ్గర మిగిలింది అదే. అందుకే త్వరగా తీయండి, బాగా రాకపోయినా పర్లేదు.

మూలాపేట వాసి:
సరేనండి, వైర్లతోనే తీస్తా. మా వీధి కానుగతో మొదలుపెడతా. కింద కూర్చునేవాళ్లు ఫొటోలో పడితే?

ఒంగోలు, కర్నూలు రోడ్డు:
ముందే అడగండి, వద్దంటే వాళ్లు లేచాక తీయండి. సరేనంటే తర్వాత ఒక ప్రింటు వేయించి ఇవ్వండి. ఆ చెట్టు ఎవరు పెట్టారో, ఎప్పుడు కొమ్మ విరిగిందో వాళ్లకే తెలుస్తుంది, అడిగి ఫొటో వెనక రాసుకోండి.